లాభంతో మొదలైన తాళంచెవి

నాకు తెలిసిన తాళాల పనివాళ్లలో ముగ్గురు తమ విద్యను ఎవరికీ చెప్పకుండానే పోయారు. వాళ్లలో ఒకరు మా నాయన. కుంపిణీ దొరల కాలంలో తాలూకా కచేరీ ఇనప్పెట్టెకు తాళం చేసిన మనిషి. ఆ తాళం లోపల ఏముందో కన్నకొడుకునైన నాకు కూడా చెప్పలేదు. చెబితే విద్య పోతుందని ఆయన భయం. చెప్పకపోవడం వల్లనే పోయింది.

ఇప్పుడు సీమ నుంచి అంకెల తాళాలు పెట్టెలు పెట్టెలుగా దిగుతున్నాయి. కోయంబత్తూరు, మధుర ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే ఇళ్ల నుంచి కుర్రవాళ్లు ఈ పనిలోకి వస్తున్నారు. వాళ్లు అరవ బడిలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని అచ్చులో ఉన్నది చూస్తే తడబడతారు. అందుకని చిన్న మాటలతోనే రాస్తున్నాను. చదవగలిగినవాళ్లు చదవలేనివాళ్లకు వినిపించండి.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నా తప్పు వల్ల ఒక ఇల్లాలు నింద మోసింది. ఆ సంగతి మా వైపు ఊళ్లలో నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒక రకంలో నేను పెద్ద తెలివిగలవాణ్ని. అది నిజం కాదు గనుక, జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలనిపించింది.

ఏ ఏడు ఏ ఉద్యోగంలో చేరానో, ఎప్పుడు మానానో రాయను. దాని వల్ల మీకు ఒక్క తాళం కూడా తెరుచుకోదు. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను. మా ఇళ్లలో తాళాన్ని పూట్టు అంటారు, తాళంచెవిని సావి అంటారు. మనుషులు మాట్లాడిన చోట అట్లాగే ఉంచాను.

మేస్త్రీ బల్ల దగ్గర

నేను పని నేర్చుకున్నది పోదనూరులో, రైలు బండ్లు బాగుచేసే కొట్టంలో. అక్కడ తాళాలకు విడిగా ఒక బల్ల ఉండేది. ఆ బల్లకు పెద్ద మాసిలామణి మేస్త్రీ. ఆయన అరవ మనిషి. మెచ్చుకోవడం తెలియదు, దాచుకోవడమూ తెలియదు. మా నాయన దగ్గర పదేళ్లలో నేర్వలేనిది ఈయన దగ్గర ఒక్క ఏడాదిలో నేర్చుకున్నాను.

ఆయనకు ఒక సామెత ఉండేది: "పూట్టు పొయ్ సొల్లాదు, సావిదాన్ సొల్లుం." తాళం అబద్ధం చెప్పదు, తాళంచెవే చెబుతుంది అని. అప్పట్లో అది ముసలాయన వేళాకోళం అనుకున్నాను.

అయిదు మేకుల సీమ తాళాలు మా కొట్టానికి వచ్చిన కొత్తలో, ఒక తాళానికి చెవి మార్చమని నాకిచ్చారు. లోపలి మేకులు కొత్త చెవికి సరిగా సరిపోలేదు. ఒకటి రెండు కొంచెం పైకి పొడుచుకుని ఉన్నాయి. సరైన మేకులు వెతకడానికి బద్ధకించి, ఆకురాయి తీసుకుని మేకుల తలలనూ, వాటి చుట్టూ ఉన్న ఇత్తడినీ కలిపి సాపుగా అరగదీశాను. తాళం వెన్నలాగా తిరిగింది. గర్వంగా తీసుకెళ్లి ఇచ్చాను.

"ముగిసిందాడా?" అన్నాడు మేస్త్రీ.

"ముగిసింది మేస్త్రీ."

ఆయన ఒక గుత్తి నా ముందు పడేశాడు. అందులో పదహారు చెవులున్నాయి, ఒక్కటీ ఆ తాళానిది కాదు. "ఒక్కొక్కటే పెట్టి తిప్పు," అన్నాడు.

నాలుగోది తిరిగింది. ఆరోది తిరిగింది. పదకొండోది నేను పూర్తిగా లోపలికి పెట్టక ముందే తిరిగింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు.

"ఇది పూట్టా, సత్రమాడా?" అన్నాడు మేస్త్రీ. "వచ్చేవాడికంతా వాకిలి తెరుస్తుందే!"

ఆ రోజు నుంచి ఈ నాటి వరకు మేకు తలమీద ఆకురాయి పెట్టలేదు. మీరూ పెట్టకండి. మేకు సరిపోకపోతే ఇంకో మేకు వెతకండి, దొరక్కపోతే రేపు రమ్మనండి. ఈ పనిలో రేపు రమ్మనడం అవమానం కాదు.

అంకెలంటే ఏమిటి

ఈ తాళం లోపలి సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఒక ఇత్తడి దిమ్మ. దాని నడుమ తిరిగే ఒక గుండ్రటి కడ్డీ. చెవి పెట్టే కంత ఈ కడ్డీలోనే ఉంటుంది. దిమ్మలో నుంచి కడ్డీలోకి వరుసగా అయిదు బెజ్జాలు దిగుతాయి. ఒక్కో బెజ్జంలో కింద ఒక మేకు, దాని మీద ఇంకో మేకు, ఆ పైన అదిమిపట్టే సన్నని తీగచుట్ట. చెవి లేనప్పుడు పై మేకులు సగం దిమ్మలో, సగం కడ్డీలో అడ్డంగా నిలబడతాయి, అందుకే కడ్డీ తిరగదు. సరైన చెవి పెడితే, రెండు మేకులూ కలిసే చోటు అయిదు బెజ్జాల్లోనూ సరిగ్గా కడ్డీ అంచు దగ్గరికి వస్తుంది. అప్పుడు కడ్డీకి అడ్డం లేదు, తిరుగుతుంది.

ఇట్లాంటి తాళాన్ని ఐగుప్తు దేశంలో కొన్ని వేల ఏళ్ల కిందటే కొయ్యతో చేశారని పఠన మందిరంలోని ఒక పుస్తకంలో చదివాను. పరుగెత్తుకుని ఇంటికి వచ్చి మా ఆవిడ నాగమ్మకు చెప్పాను.

"అన్ని వేల ఏండ్ల కిందటిదా?" అంది నాగమ్మ. "అట్లంటే మీరు నేర్చుకునేదానికి ఏంటికి ఇంత ఆలస్యమాయె?"

పఠన మందిరం గురించి కొంచెం చెప్పాలి. బడి ఉద్యోగం మానిన సుబ్బయ్య పంతులు అనే ఆయన తన ఇంటి ముందు గదిలో నాలుగు బీరువాల పుస్తకాలు పెట్టి, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు అన్నాడు. నేను అరవ అక్షరాలు వీధిబడిలోనూ, తెలుగు అక్షరాలు పంచాంగంలోనూ నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం ఆ గదిలోనే, నిఘంటువు ఒడిలో పెట్టుకుని, ఒక్కో మాటా వెతుకుతూ నేర్చుకున్నాను. యంత్రాల మీద ఉన్న లావాటి పుస్తకంలో తాళాల అధ్యాయాన్ని పదకొండుసార్లు చదివాను. ఈ సంగతి నేను చాలామందికి చెప్పుకున్నాను. ఎందుకు చెప్పుకోకూడదో తర్వాత తెలిసింది.

ఇక అంకెలు. చెవి అంచున కోసిన గాట్లకు లోతును బట్టి అంకెలు ఇస్తారు. మాకు వచ్చిన తాళాల్లో ఒకటి నుంచి ఆరు వరకు ఉండేవి. ఒకటి అంటే పైపైన గీసినంత. ఆరు అంటే వెన్ను దాకా దిగిన గాటు. పిడి దగ్గర మొదలుపెట్టి కొన వైపు చదవాలి. రెండు, అయిదు, మూడు, ఒకటి, నాలుగు అంటే ఆ వరుసలో ఆ లోతుల గాట్లు అన్నమాట. లోపలి కింది మేకులకూ అవే అంకెలు. అయిదో నంబరు గాటు లోతు గనుక దానిలో కూర్చునే మేకు పొడుగు. గాటు అంకె, మేకు అంకె ఒకటైతే చాలు, తాళం పలుకుతుంది.

చెవి మార్చడమంటే తాళం మార్చడం కాదు. పాత చెవితో కడ్డీని కొంచెం తిప్పి, దాన్ని బయటికి లాగుతూ వెనక నుంచి అంతే లావున్న కర్రముక్కను తోస్తూ రావాలి. కర్ర, కడ్డీ నడుమ వెంట్రుకంత సందు ఇచ్చినా పై మేకులూ తీగచుట్టలూ ఎగిరి మీ ముఖాన పడతాయి. కడ్డీ చేతికి వచ్చాక పాత కింది మేకులు పారబోసి, కొత్త చెవి పెట్టి, ఒక్కో గాటు అంకెకు ఆ అంకె మేకు వేయాలి. అయిదు తలలూ కడ్డీతో సమంగా, వేలితో తడిమితే తెలియనంత నున్నగా ఉండాలి. మళ్లీ కర్రను వెనక్కి తోస్తూ కడ్డీని లోపలికి పంపాలి. అంతే. అరగంట పని.

అంకె తెలిసినవాడికి చెవితో పని లేదు, అంకెను బట్టి కొత్త చెవి పుట్టించగలడు. అందుకే చెవి పిడి మీద అంకె కొట్టకండి. ఇంటివాళ్ల పేరునూ వాళ్ల అంకెనూ ఒకే కాగితం మీద రాయకండి.

లాభం, రెండు, మూడు

రైలు కొట్టం వదిలి కోయంబత్తూరులో సొంత అంగడి పెట్టిన రెండో ఏట, సూలూరు దగ్గర పల్లె నుంచి కొండప్ప నాయుడుగారు సీమ తాళం ఒకటి తెచ్చారు. పత్తి వ్యాపారం చేసే పెద్ద రైతు. ఇంటి కొట్టుగది తలుపుకు ఆ తాళం బిగించాలి. దానితో వచ్చిన చెవి ఎవరెవరి చేతులు దాటి వచ్చిందో తెలియదు గనుక కొత్త అంకె కావాలన్నారు.

"ఏమి ఆచారీ, ఈ అంకెలు ఎవురు పెట్టేది?"

"నేనే అయ్యా. మీరు ఏది చెబితే అది."

"అట్లంటే లాభం కాంచి మొదలుపెట్టు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. చేతి కాంచి ఇంట్లోకి పోతా పోతా పెరగాల. దిగే అంకె ఒకటి కూడా వద్దు."

మా వాళ్ల ఇళ్లలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. ఎప్పుడో పూర్వీకులు తుంగభద్ర అవతల నుంచి వచ్చేటప్పుడు మూటలో కట్టుకొచ్చిన అలవాటు. నాకది వినడానికి ఎంతో బాగుంది. చెవి కొన ముందుగా ఇంట్లోకి పోతుంది గదా, కొన వైపు పోయేకొద్దీ అంకె పెరగడం ఎంత శుభం!

తాళాల పెట్టెతో పాటు ఒక అచ్చు కాగితం వచ్చేది. అందులో వాడదగిన అంకెల పట్టిక వందలకొద్దీ వరుసల్లో ఉండేది. నాయుడుగారు వెళ్లాక దాన్ని చూశాను. లాభంతో మొదలై ఎక్కుతూ పోయే వరుస అందులో ఒక్కటీ లేదు. ఆ క్షణాన ఆగి ఉంటే ఈ వృత్తాంతం లేదు. నేను ఆగలేదు. సీమవాళ్లకు లాభం లెక్క తెలియదు పాపం, అనుకున్నాను. పదకొండుసార్లు చదివినవాణ్ని గదా!

నాయుడుగారి తాళం మాట ఊరూరా పోయింది. ఉడుమలైపేట దాకా ఎనిమిది ఇళ్లవాళ్లు వచ్చి, మాకూ ఎక్కే అంకెలే కావాలన్నారు. ఎనిమిదీ చేసిచ్చాను.

సూలూరు ఇంట్లో

నాలుగు నెలల తర్వాత నాయుడుగారు కబురు పంపారు. పొద్దున్నే బయలుదేరి వెళ్లాను. ఇంటి ముందు ఒక బండి నిలబడి ఉంది. దూరం నుంచి వచ్చినదని చక్రాల మట్టి చూస్తేనే తెలుస్తోంది. ఇంటి కోడలు రంగమ్మ పుట్టిల్లు కంబం. ఆమె అన్న గుర్రప్ప నాలుగు రోజులు బండి తోలుకుని చెల్లెల్ని తీసుకుపోవడానికి వచ్చాడు.

సంగతి ఇది. కొట్టుగది తాళంచెవి ఆ ఇంట్లో రంగమ్మ నడుముకు ఉంటుంది. అత్త అక్కమ్మగారు తన చేత్తో కట్టింది. ఆ ఇళ్లలో అది నగ కంటే ఎక్కువ. ఈ రెండు నెలల్లో మూడుసార్లు కొట్టుగది తలుపు తెరిచి కనిపించింది. మూడోసారి విత్తనానికి ఏరి పెట్టిన పత్తి గింజల గోతం బోర్లా పడి ఉంది, సగం గింజలు లేవు. అంతకు రెండు రోజుల ముందే కంబం నుంచి చుట్టాలు వచ్చి వెళ్లారు. చెవి ఒక్కటే, ఉన్నది రంగమ్మ దగ్గర. ఇక ఊరు ఏమనుకుంటుందో వేరే చెప్పాలా? చెవి ఇచ్చేసి పుట్టింటికి పొమ్మన్నారు. చెవి తీసుకుని పంపేసిన కోడలు మళ్లీ ఆ గడప తొక్కడం మా వైపు లేదు.

కొట్టుగది ఇంటి వెనక, పెరట్లోకి తలుపు. అందరూ అక్కడే ఉన్నారు. రంగమ్మ భర్త రామసామి స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు.

"ఆచారీ, ఒక్క మాటలో చెప్పు," అన్నారు నాయుడుగారు. "ఈ పూట్టును ఈ సావి లేకుండా తెరిచేదానికి అవుతుందా, కాదా?"

నేను ఆలోచించకుండా అన్నాను: "కాదయ్యా. అయిదు మేకుల పూట్టు. నా చేత్తో చేసింది."

ఆ మాట అన్నాక గాని, అది ఎవరి మీద పడిందో నాకు తట్టలేదు.

"విన్నావా?" అంది అక్కమ్మగారు. "పూట్టు తనంతట తానే తెరుచుకునేదానికి దానికేమన్నా చేతులు ఉండాయా?"

"మూడుసార్లూ పూట్టినాను అత్తా," అంది రంగమ్మ. "నా బిడ్డ మీద ఆన."

"బిడ్డ మీద ఆన పెట్టొద్దు. నోరు మూసుకో."

గుర్రప్ప ముందుకొచ్చాడు. "సావి ఇచ్చెయ్యి చెల్లీ. బండెక్కు. మన ఇంట్లో పూట్టే లేని గదులు నాలుగు ఉండాయి. ఎవురూ లెక్క అడగరు."

రంగమ్మ నడుము నుంచి చెవి విప్పింది. అత్తకు ఇవ్వలేదు, అన్న వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"ఆచారన్నా, నేను పూట్టేది ఒక్కసారి చూడు. చూసినాక ఏం చెప్పాలో చెప్పు."

పక్కనున్న చేటను రోజూ పెట్టుకున్నట్టే చంకన పెట్టుకుంది. తలుపు లాగింది, చెవి పెట్టింది, తిప్పింది, చర్రున లాగి నడుమున దోపుకుంది. అంతా మనం ఒక ఊపిరి తీసేంతలో. రోజుకు పదిసార్లు చేసే చేయి అట్లాగే చేస్తుంది.

నాకు వినపడవలసిన చప్పుడు ఒకటి వినపడలేదు. గడియ పూర్తిగా దూకినప్పుడు టక్కుమనే చప్పుడు. దగ్గరికి పోయి తలుపు సందులోకి చూశాను. గడియ గోరంత మాత్రమే బయటికి వచ్చి ఉంది. ఒక్క వేలితో తోశాను. తలుపు తెరుచుకుంది.

మాసిలామణి మేస్త్రీ నా చెవిలో అన్నట్టే ఉంది. తాళం అబద్ధం చెప్పదు.

"చూడు, సగమే తిప్పింది!" అంది అక్కమ్మగారు. "చెప్పినానా లేదా, ఒట్టి దుడుకు మనిషి."

అక్కడే నాకు తప్పించుకునే దారి దొరికింది. కోడలు సరిగా తిప్పలేదు, తాళం మంచిదే. దొంగతనం నింద పోతుంది, దుడుకుతనం నింద ఉంటుంది, నా అంగడి పేరు నిలుస్తుంది. నేను ఆ దారి చూడలేదని అంటే అబద్ధం. బాగా చూశాను. పెరట్లో ఆవులు మెడలు ఆడిస్తున్న చప్పుడు ఇప్పటికీ గుర్తుంది, అంతసేపు చూశాను.

కాని సంచిలో ఇంకో తాళం ఉంది. అచ్చు పట్టికలోని అంకెతో చేసినది, వేరే వాళ్లది. దాన్ని తీసి చెవి సగం తిప్పి అక్కమ్మగారి చేతిలో పెట్టాను.

"అమ్మా, ఇప్పుడు ఈ సావిని బయటికి లాగండి."

ఆవిడ లాగింది, రాలేదు. గట్టిగా లాగింది. తాళాన్ని మోకాళ్ల నడుమ పెట్టుకుని రెండు చేతులా లాగింది.

"ఈ పాడు పూట్టు వదలదే!"

స్తంభం దగ్గర రామసామి నవ్వాడు. ఆ రోజు మొదటిసారి అతని గొంతు విన్నాను.

"వదలకూడదమ్మా," అన్నాను. "సగంలో ఉన్న సావిని ఏ పూట్టూ వదలకూడదు. పూర్తిగా తిప్పితేనే వదలాల. అప్పుడే చేతికి బుద్ధి. మీ ఇంటి పూట్టు సగంలోనే వదిలేస్తాంది. తప్పు రంగమ్మ పాపది కాదు, నేను కోసిన అంకెలది."

అట్లా ఎందుకు వదులుతుందో వాళ్లకు అక్కడే విడమరిచి చెప్పాను, మీకూ చెబుతాను. కడ్డీ తిరిగి ఉన్నప్పుడు కింది మేకులు పైకి లేవలేవు, దిమ్మ అడ్డం ఉంటుంది. మామూలు చెవిని లాగాలంటే గాట్ల మధ్య మిట్టలు మేకులను పైకి ఎత్తాలి, ఎత్తలేవు గనుక చెవి రాదు. కొన వైపు పోయేకొద్దీ లోతు పెరిగే చెవిలో మిట్టలే లేవు. లాగుతుంటే ప్రతి మేకు కిందికే దిగుతుంది, ఏదీ పైకి లేవనక్కరలేదు. మెట్లు దిగినట్టు హాయిగా బయటికి వచ్చేస్తుంది. ఇంట్లోకి పోతూ ఎక్కిన లాభం, బయటికి వస్తూ అడ్డం లేకుండా దిగిపోయింది.

నాయుడుగారు తలుపు దగ్గరికి పోయి తాళాన్ని వేలితో తడిమారు. తర్వాత అడిగారు: "ఎక్కే అంకెలు అడిగింది నేను గదా, ఆచారీ?"

"అడగడం మీ వంతయ్యా. కుదరదని చెప్పడం నా వంతు. నేను చెప్పలేదు. ఇందాక మీరు అడిగినప్పుడు కూడా తెలియకుండానే కాదన్నాను."

"అట్లంటే గింజలు ఎవురు తీసినట్టు?" అన్నాడు గుర్రప్ప. అతని కోపం ఇంకా దిగలేదు.

అక్కమ్మగారు నోటిమీద చేయి పెట్టుకుంది. పెరట్లో కట్టేసి ఉన్న ఎర్ర పెయ్య వైపు చూసింది. "ఆ దినమే గదా దానికి కడుపు ఉబ్బరం? వైద్యుడు వచ్చి వాము కషాయం తాపించె? తలతో ఏ తలుపు కనిపించినా పొడిచే పాడు అలవాటు దీనిది!"

ఎర్ర పెయ్య మా వైపు చూసి తాపీగా నెమరు వేసింది. పత్తి గింజలంటే పశువులకు ప్రాణమని ఆ పెరట్లో తెలియనివాళ్లు లేరు. అయినా నాలుగు రోజుల దూరంలోని కంబం అందరికీ కనిపించింది, నాలుగు అడుగుల దూరంలోని పెయ్య కనిపించలేదు. నేను కాదన్న ఒక్క మాట వాళ్ల చూపును ఇంకా దూరం తోసింది.

క్షమించమనే మాట ఆ తరం అత్తల నోట రాదు. అక్కమ్మగారు రంగమ్మ దగ్గరికి పోయి, ఆమె నడుమున దోపిన చెవిని తీసి, కొంగు సరిచేసి, మళ్లీ గట్టిగా ముడివేసింది.

"ఈ సావి బరువు నా నడుముకు ఆగదు. నువ్వే మొయ్యి," అంది.

గుర్రప్ప ఆ పూట భోజనం చేసి, వచ్చిన బండితోనే తిరిగి వెళ్లాడు. బండి ఖాళీగా పోకూడదని నాయుడుగారు ఒక గోతం పత్తి విత్తనం ఎత్తించారు. "పెయ్య తినంగా మిగిలింది, బావా," అన్నాడు రామసామి. అప్పటికి గుర్రప్ప కూడా నవ్వాడు.

నేను అక్కడే అరుగు మీద కూర్చుని తాళం విప్పి అంకెలు మార్చాను. రంగమ్మ పక్కన కూర్చుని ఒక్కో మేకూ చేతిలోకి తీసుకుని, ఇది ఎంత, అది ఎంత అని అడిగింది. ఏ అంకెలు పెట్టాలని నేనడిగితే అక్కమ్మగారు అంది: "ఎక్కతా దిగతా ఉండనీ. సంసారం అట్లనే గదా ఉండేది. మొదటిది మాత్రం లాభం ఉండాల." ఆ చివరి మాటకు నేను ఒప్పుకున్నానో లేదో ఇక్కడ రాయను. అది వాళ్ల తాళం.

మిగిలిన ఎనిమిది

మర్నాడే మిగిలిన ఎనిమిది ఇళ్లకు బయలుదేరాను. ప్రతిచోటా మొదట నా తప్పు చెప్పి, తర్వాత తాళం విప్పాను. రెండు ఇళ్లవాళ్లు మళ్లీ నన్ను పిలవలేదు. వాళ్లు చేసింది సబబే. మిగిలినవాళ్లు అప్పటి నుంచి తాళం కొనే ముందు నన్ను అడగడం మొదలుపెట్టారు. ఒప్పుకున్న తప్పు ఒక్కోసారి ఇట్లా కూడా పనిచేస్తుందని నేను అనుకోలేదు.

ఉడుమలైపేటలో ఇంకో సంగతి బయటపడింది. పొరపాటున సంచిలోని వేరే ఇంటి చెవి పెట్టాను, తలుపు తెరుచుకుంది. ఇంటాయన నా ముఖం చూశాడు, నేను నా చెవిని చూశాను. ఆరు అంకెల్లో అయిదు ఎక్కే వరుసలో పెట్టాలంటే, ఏదో ఒక అంకె వదిలేయాలి. వదిలేయడానికి ఉన్నవి ఆరే. కాబట్టి ఎక్కే చెవులు లోకంలో ఆరే. నేను తొమ్మిది ఇళ్లకు ఇచ్చాను! ఆరు అయిపోయాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన మాట నాకు తెలుసు, ఊళ్లు దూరం గదా అని ఊరుకున్నాను. ఆ రెండు ఇళ్లూ వియ్యాలవారివి, నెలకోసారి రాకపోకలు.

తిరిగి వచ్చాక పఠన మందిరంలో ఆ లావాటి పుస్తకం మళ్లీ తీశాను. కొన వైపు లోతు పెరిగే గాట్లు పనికిరావని తాళాల అధ్యాయంలోనే ఒక వాక్యం ఉంది. అందులో ఒక మాట మా నిఘంటువులో లేదు. అందుకని పదకొండుసార్లూ దాన్ని దాటేసి చదివాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

చదవండి. చదువు వల్ల నేను బాగుపడ్డాను, మీరూ బాగుపడతారు. కాని ఎన్నిసార్లు చదివామన్నది లెక్కపెట్టుకోకండి. అర్థం కాక దాటేసిన వాక్యం కింద గీత గీసుకుని, అది తెలిసినవాణ్ని వెతకండి. పట్టికలో ఏదైనా లేకపోతే, రాసినవాడు మూర్ఖుడు అనుకునే ముందు ఒక తాళం పాడుచేసి అయినా సరే పరీక్షించి చూడండి.

కొనేవాళ్లకు శకునాలూ నమ్మకాలూ ఉంటాయి. వాటిని ఎగతాళి చేయకండి. లాభం అనే మాట మంచిది, దానిలో తప్పు లేదు. అది తాళంలో ఎక్కడ పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో చెప్పడం మన పని.

అన్నిటికంటే ముఖ్యం ఇది. ఇంట్లో ఏదైనా పోయినప్పుడు మిమ్మల్ని పిలిచి, ఈ తాళం తెరవడం అవుతుందా అని అడుగుతారు. మీ నోటి నుంచి వచ్చే మాట తాళం గురించి అనుకుంటారు మీరు. కాదు, అది ఎప్పుడూ ఒక మనిషి గురించే. చూసి గాని చెప్పకండి.

చేయి పట్టినవాళ్లు

మాసిలామణి మేస్త్రీకి దండం. ఆయన సామెత నాకు ఇరవై ఏళ్లు ఆలస్యంగా అర్థమైంది. చెప్పకుండా పోయినా, నా చేతికి ఆకురాయి పట్టడం నేర్పిన మా నాయనకు దండం. తన ముందు గదిని మాకు వదిలి తాను పెరట్లో పడుకున్న సుబ్బయ్య పంతులుగారికి దండం. రాసిన ప్రతి కాగితమూ వినిపించుకుని, అర్థం కానిచోట మొహమాటం లేకుండా ఆవలించిన నాగమ్మకు నా కృతజ్ఞత. ఆవలించిన చోట్లన్నీ తిరగరాశాను. తన తప్పును కూడా రాయమన్న కొండప్ప నాయుడుగారికీ, ఇప్పుడు లేని అక్కమ్మగారికీ, నాలుగు రోజుల బండి దారిని మరిచిపోయి ఏటేటా నాకు కంబం ద్రాక్ష పంపే గుర్రప్పకూ, ఆ రోజు నవ్విన రామసామికీ కృతజ్ఞత.

చివరగా రంగమ్మకు. మొన్న ఆమె తన కోడలికి కొట్టుగది చెవి అప్పగించింది. అంకెలు మార్చాలి, మేకుల పెట్టె తీసుకుని రా అన్నా అని కబురు పంపింది. వెళ్లాను. అరుగు మీద గుడ్డ పరిచి, పెట్టె విప్పి, కర్రముక్క తీశాను. రంగమ్మ వచ్చి నా చేతిలోని కర్ర తీసుకుంది.

"నువ్వు కొంచేపు అట్ల ఎదురు వాకిట్లో కూర్చో అన్నా," అంది. "నేను మార్చి నా కోడలికి చూపిస్తాను. అంకె మాకిద్దరికే తెలియాల."

వెళ్లి కూర్చున్నాను. అరుగు మీద అత్తా కోడళ్లు గుసగుసలాడుకోవడం, ఒక మేకు నేలమీద పడి దొర్లడం, దాన్ని వెతుక్కుంటూ ఇద్దరూ నవ్వడం వినపడింది. కొంతసేపటికి తలుపు మూశారు. చెవి తిరిగింది. టక్కుమన్న చప్పుడు ఎదురు వాకిలి దాకా వచ్చింది.

ఆ అంకె ఏమిటో నాకు తెలియదు.